నల్లరేగడి రస్తాకు ఆల్ వీల్ డ్రైవ్ కారు అవసరమా?

మీరు అడిగింది ఇదీ: ఊరు జమ్మలమడుగు దగ్గర, ఇంట్లో ఐదుగురు. తారురోడ్డు దిగాక చేనికి 2 కిలోమీటర్లు నల్లరేగడి రస్తా. వారానికి ఒకట్రెండు సార్లు కడప, రెండు నెలలకోసారి బెంగళూరు. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారు. మారుతి గ్రాండ్ విటారా మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ కొనాలా, సుమారు లక్షన్నర ఎక్కువ పెట్టి దాని ఆల్ వీల్ డ్రైవ్ రకం ఆల్‌గ్రిప్ కొనాలా అన్న దగ్గర ఆగిపోయారు. వానాకాలం చేనికి పోవాలంటే నాలుగు చక్రాలూ తిరగాల్సిందేనని మీవాళ్లు గట్టిగా చెబుతున్నారు.

మీకు ఫ్రంట్ వీల్ డ్రైవ్ చాలు. ఇదే ప్రశ్న కళ్యాణదుర్గం పక్కన గరుసు గుట్ట మీద తోట ఉన్నవాళ్లు అడిగితే ఆల్ వీల్ డ్రైవ్ తీసుకోమంటాను. ఎందుకో అర్థం కావాలంటే బండికంటే ముందు నేల లెక్క చూడాలి.

బండి సంగతి రెండు ముక్కల్లో. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో ఇంజను అడ్డంగా ఉంటుంది, గేరుబాక్సూ, లాగుడును ఎడమ కుడి చక్రాలకు పంచే డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి, అక్కణ్ణించి రెండు యాక్సిళ్లు ముందు చక్రాలకు పోతాయి. ఆల్ వీల్ డ్రైవ్‌లో వీటికి తోడు లాగుడును వెనక్కి మళ్లించే ట్రాన్స్‌ఫర్ కేసు, బండి కింద పొడుగునా ప్రొపెల్లర్ షాఫ్టు, దాని చివర ఎలక్ట్రానిక్ కప్లింగు, వెనక ఇంకో డిఫరెన్షియల్, ఇంకో రెండు యాక్సిళ్లు. కప్లింగు అంటే నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్లేట్ల దొంతర. మామూలు రోడ్డు మీద అది వదులుగానే ఉంటుంది, బండిని దాదాపుగా ముందు చక్రాలే లాగుతుంటాయి. ముందు చక్రం జారుతోందని సెన్సరు కనిపెట్టగానే ప్లేట్లు బిగుసుకుని వెనక చక్రాలకూ లాగుడు అందుతుంది.

ఇక నేల లెక్క. లాగే చక్రాల మీద ఎంత బరువు పడుతుందో, అందులో నేల ఎంత శాతం పట్టు ఇస్తుందో, అంతే మీకు దొరికే లాగుడు. ఇంజనుకు ఎన్ని గుర్రాల బలమున్నా దానికి మించి ఒక్క పిసరు రాదు. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండి ఖాళీగా ఉన్నప్పుడు బరువులో 60 శాతం దాకా ముందు చక్రాల మీదే ఉంటుంది. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండితే అది సగానికి దగ్గరవుతుంది. ఎక్కుడులో ఇంకో రెండు మూడు శాతం వెనక్కి జరుగుతుంది. నిండు బండికి ముందు సగం అని లెక్కేద్దాం. కింద చెప్పే పట్టు అంకెలు అంచనాకు పనికొచ్చే ఉజ్జాయింపులే, నేలను బట్టి, టైరును బట్టి అటూ ఇటూ అవుతాయి.

తడి తారు, మంచి టైర్లు: పట్టు 50 శాతానికి తక్కువుండదు. అందులో సగం, అంటే బండి బరువులో 25 శాతం లాగుడు ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు దొరుకుతుంది. ఘాట్ రోడ్లను మామూలుగా నూరు మీటర్లకు 5 నుంచి 7 మీటర్ల ఎక్కుడు మించకుండా వేస్తారు. అవసరం 7, చేతిలో ఉన్నది 25. గువ్వలచెరువు ఘాట్ అయినా, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే నల్లమల ఘాట్ అయినా, దోర్నాల మీదుగా శ్రీశైలం అయినా వానలో కూడా ముందు చక్రాల బండి నిక్షేపంగా ఎక్కుతుంది. ఘాట్ కోసం ఆల్ వీల్ డ్రైవ్ కొనడం అనవసరం. ఘాట్‌లో ప్రమాదం దిగేటప్పుడు ఉంటుంది. అక్కడ కాపాడేది చిన్న గేరు, చల్లగా ఉన్న బ్రేకులు. ఎన్ని చక్రాలు లాగుతున్నాయన్నది దిగుడులో పనికిరాదు.

గరుసు వాలు: గుండ్రాళ్లూ పొడి గరుసూ కలిసిన చోట పట్టు 30, 35 మధ్య ఉంటుంది. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు అందులో సగం, 16 అనుకోండి. ఆ నేలే చక్రాన్ని 4, 5 శాతం వెనక్కి పట్టి ఉంచుతుంది. మిగిలింది 11, 12. గుట్ట మీదికి వేసుకున్న దారులు 15, 18 శాతం వాలు ఉండటం మామూలే. అక్కడ ముందు చక్రాలు గిర్రున తిరిగి రాళ్లు వెనక్కి చిమ్ముతాయి, బండి కదలదు. ఆల్ వీల్ డ్రైవ్‌కు మొత్తం పట్టూ దొరుకుతుంది కాబట్టి నేల వెనక్కి పట్టేది పోను 25 పైన మిగులుతుంది, నింపాదిగా ఎక్కేస్తుంది. ఇక్కడ పెట్టిన డబ్బుకు విలువ ఉంది.

ఇసుక: పెన్నలోనో చిత్రావతిలోనో పొడి ఇసుకలోకి దిగితే, గాలి తగ్గించని టైరును ఇసుక 20 నుంచి 30 శాతం వెనక్కి పడుతుంది. పట్టు 45 అనుకున్నా ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు వచ్చేది 22. అంటే నడిస్తే నడిచింది, లేదంటే దిగబడింది. ఆల్ వీల్ డ్రైవ్‌కు 45 మొత్తం వస్తుంది. ఇక్కడా దానిదే గెలుపు.

ఇప్పుడు మీ నేల. తడిసిన నల్లరేగడి మీద మామూలు రోడ్డు టైరుకు పట్టు 15 శాతం దొరికితే గొప్ప. ఆ రొంపి చక్రాన్ని వెనక్కి పట్టేదీ దాదాపు అంతే, లోతుగా దిగితే ఇంకా ఎక్కువ. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు వచ్చేది 7 లేదా 8, కావలసింది 15, చదును మీదే ఆగిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌కు 15 వస్తుంది, కావలసిందీ 15. అది ఇంకో యాభై గజాలు ముందుకుపోయి అక్కడ ఆగుతుంది. ఆ యాభై గజాల కోసం లక్షన్నర. పైగా రోడ్డుకు అంత దూరంలో దిగబడితే ట్రాక్టరు వచ్చి లాగడమూ అంత కష్టమే.

నల్లరేగడి ఎందుకిలా చేస్తుందో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఆ బంకమట్టి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, టైరు గాళ్లలో ఒక్క చుట్టులో నిండిపోతుంది. ఎర్రనేల రొంపి చక్రం తిరిగే కొద్దీ విదిలిపోతుంది, రేగడి మాత్రం విదలదు. గాళ్లు పూడిన టైరుకూ పూర్తిగా అరిగిన టైరుకూ తేడా లేదు. నాలుగు చక్రాలూ తిరిగే బండికి నాలుగు అరిగిన టైర్లు బిగించినట్టే. ఆ మీదట మట్టి పొరమీద పొర పేరుకుని టైరుకూ మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్ తొడుగుకూ మధ్య ఇరుక్కుంటుంది, చివరికి చక్రమే తిరగనని మొరాయిస్తుంది. ట్రాక్టరు ఎలా పోతుందంటారా? ఆ టైరు మీద గుబ్బలు వేళ్లంత ఎత్తులో, దూరదూరంగా ఉంటాయి. అంత ఎడం ఉంది కాబట్టే మట్టి రాలిపోతుంది.

కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ, నంద్యాల వైపు కుందూ పొడుగునా, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు చుట్టుపక్కల, ఆదోని దిక్కున ఇదే నేల. అనంతపురం జిల్లాలో ఎక్కువ భాగం, కదిరి, రాయచోటి వైపు ఎర్రనేల, గరుసు. శనగ విత్తేది అక్టోబరు, నవంబరు నెలల్లో. ఈశాన్య రుతుపవనాల వానలు పడేదీ అప్పుడే. మీకు చేనితో పని ఎక్కువున్న రోజుల్లోనే రస్తా ఘోరంగా ఉంటుందన్న మాట. అందుకే మీవాళ్ల ఆదుర్దా న్యాయమైనదే, వాళ్లు చెప్పే మందు మాత్రం ఈ జబ్బుకు పనిచెయ్యదు.

రస్తాలోకి దింపొచ్చా లేదా తెలుసుకోవడానికి బండి దిగి పది అడుగులు నడవండి. మట్టి చెప్పుకు అంటుకుని చెప్పు బరువెక్కిందంటే కారు దింపొద్దు. పైన ఎండి నెర్రెలిచ్చినట్టు కనిపించినా నమ్మొద్దు, పెద్ద వాన తరవాత పై పెచ్చు కింద రెండు మూడు రోజులు తడి ఉంటుంది. మడమతో గట్టిగా తొక్కండి. పెచ్చు విరిగి కిందినుంచి నల్లగా మెరిసే మట్టి పైకొస్తే ఇంకా ఆగాలి.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. రేగడిలో తిరిగొచ్చిన బండిని బయట కడిగి వదిలేస్తారు. రిమ్ము లోపలి వైపు అంటుకున్న పెల్ల రాత్రికి ఇటుకలా గట్టిపడుతుంది. మర్నాడు 80 వేగంలో స్టీరింగు వణుకుతుంది. అలైన్‌మెంట్ పోయిందని షాపుకు పోయి డబ్బు తగలేస్తారు. నీళ్ల పైపు చక్రం వెనక నుంచి పెట్టి, పెల్ల నానాక చెక్క పుల్లతో గీకితే వణుకు అక్కడికక్కడే పోతుంది.

ఇప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ వల్ల ఏటా పడే ఖర్చులు. 2022లో గ్రాండ్ విటారా వచ్చినప్పుడు మాన్యువల్ గేరు బండ్లకు కంపెనీ చెప్పిన మైలేజీ ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు లీటరుకు 21.11, ఆల్‌గ్రిప్‌కు 19.38 కిలోమీటర్లు. మీ 15,000 కిలోమీటర్లకు 711 లీటర్లు ఒకదానికి, 774 లీటర్లు రెండోదానికి. తేడా 63 లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే ఏడాదికి 7,000. ఏసీ వేసుకుని మన ఎండల్లో నడిపితే రెండు బండ్ల మైలేజీ కూడా దీనికంటే తక్కువే వస్తుంది కాబట్టి తేడా 10,000 అనుకోండి. ఇది భరించగలిగిందే.

అసలు దెబ్బ టైర్ల దగ్గర తగులుతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌కు నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి, ఒకే సైజువి, దాదాపు ఒకేలా అరిగినవి ఉండాలి. గాళ్ల లోతులో 2 మిల్లీమీటర్లకు మించి తేడా ఉండకూడదు. 215/60 ఆర్17 టైరు చుట్టుకొలత 2.17 మీటర్ల దాకా ఉంటుంది, కిలోమీటరుకు 461 చుట్లు తిరుగుతుంది. ముందు కొత్త టైర్లు 8 మిల్లీమీటర్ల గాళ్లతో, వెనక పాతవి 3 మిల్లీమీటర్లతో ఉన్నాయనుకోండి, కిలోమీటరుకు ఆరేడు చుట్లు తేడా వస్తుంది. 150 కిలోమీటర్ల ప్రయాణంలో వెయ్యి చుట్లు. ఎక్కడా జారకపోయినా వెనకా ముందూ వేర్వేరు వేగాల్లో తిరుగుతున్నాయని కప్లింగు అనుకుంటుంది, ప్లేట్లు ఒరుసుకుంటూనే ఉంటాయి, నూనె మాడుతుంది. ఆ కప్లింగు మార్చాల్సొస్తే టైర్ల ఖర్చు చాలా చిన్నదిగా కనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల, బేతంచెర్ల, తాడిపత్రి చుట్టూ నాపరాళ్ల గనులు, పాలిషింగు ఫ్యాక్టరీలు. రోడ్డు పక్కన పడిన నాపరాయి చిప్ప అంచు కత్తిలా ఉంటుంది, బండిని పక్కకు దింపినప్పుడు టైరు చెంపను కోసేస్తుంది. కంపముల్లు గుచ్చుకుంటే పంక్చరు వేయించుకుంటే సరిపోతుంది, చెంప కోసుకుపోతే ఆ టైరు పనైపోయినట్టే. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌లో జతగా రెండు మార్చుకుంటే చాలు. ఆ కొత్త రెండూ వెనక వెయ్యండి, మన షాపుల్లో అడగకుండానే ముందు వేసేస్తారు. తడిరోడ్డు మీద వెనక టైర్లు ముందు జారితే బండి గిర్రున తిరిగిపోతుంది, దాన్ని పట్టుకోవడం మామూలు డ్రైవరు వల్ల కాదు. ఆల్ వీల్ డ్రైవ్ సగం అరిగాక ఒక్క టైరు కోసుకుపోతే మాత్రం అంతే అరిగిన టైరు వెతుక్కోవాలి, లేదా నాలుగూ మార్చాలి. ఒక్కోటి 8,000 నుంచి 10,000 దాకా ఉంటుంది, లెక్కేసుకోండి. వేరే సైజు స్టెప్నీ వేసుకుని దూరాలు పోవడమూ కుదరదు.

మూడోది, బండి ఆగిపోతే తీసుకుపోవడం. మన ఊళ్లలో ఎక్కువగా దొరికేది ముందు చక్రాలు ఎత్తి, వెనకవి రోడ్డు మీద దొర్లించుకుంటూ పోయే బండి. ఫ్రంట్ వీల్ డ్రైవ్‌కు అది సరిగ్గా సరిపోతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌ను అలా లాగితే వెనక చక్రాలు ప్రొపెల్లర్ షాఫ్టును, కప్లింగును తిప్పుతూ పోతాయి, కాలిపోవచ్చు. నాలుగు చక్రాలూ పైకెక్కించుకునే చదును లారీయే కావాలని ఫోనులోనే చెప్పాలి. వీటికి తోడు ట్రాన్స్‌ఫర్ కేసు నూనె, వెనక డిఫరెన్షియల్ నూనె. మామూలుగా ఒక్కోటి లీటరు లోపే పడుతుంది, కానీ సర్వీసు పుస్తకంలో రాసిన గ్రేడే పోయించాలి. రొంపిలో, వంక నీళ్లలో తిరిగిన బండికి పుస్తకంలో చెప్పిన గడువు కంటే ముందే మార్చడం మంచిది. నూనె పాలు కలిపిన టీ రంగులో వస్తే లోపలికి నీళ్లు పోయాయని గుర్తు.

యాక్సిల్ బూట్లు, అంటే యాక్సిల్ కీళ్లలో గ్రీజు నిలిపే రబ్బరు తొడుగులు, రెండు రకాల బండ్లలోనూ చూసుకోవాలి. ముందు లాగుడు బండికి నాలుగు, నాలుగు చక్రాల లాగుడుకు ఎనిమిది. కంప గీసుకుని రబ్బరు చిరిగితే గ్రీజు బయటికి చిమ్మి చక్రం లోపలి వైపు నల్లగా పట్టి ఉంటుంది. అప్పుడే పట్టుకుంటే బూటు, గ్రీజుతో పోతుంది. చూడకుండా తిరిగితే ఇసుక లోపలికి పోయి, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటకమని మోత మొదలవుతుంది. ఇక యాక్సిలే మార్చాలి.

షోరూములో ఒక తికమక ఉంది, దాంతో జాగ్రత్త. మడ్, శాండ్, స్నో అని మీట ఉన్న బండ్లన్నీ ఆల్ వీల్ డ్రైవ్ కావు. చాలా ఎస్‌యూవీల్లో అవి ముందు రెండు చక్రాలకే పనిచేస్తాయి. తిరిగిపోతున్న చక్రానికి కంప్యూటరు బ్రేకు వేసి రెండో చక్రానికి లాగుడు పంపిస్తుంది. ఒక చక్రం గుంతలో, ఇంకోటి గట్టినేల మీద ఉన్నప్పుడు నిజంగా పనికొస్తుంది. రెండూ రొంపిలో ఉంటే చెయ్యగలిగింది లేదు. అలాగే ఎత్తుగా, బలంగా కనిపించే బండ్లన్నీ ఫోర్ బై ఫోర్ కావు. థార్‌లో కూడా 2023 నుంచి వెనక చక్రాల లాగుడు మాత్రమే ఉన్న రకం అమ్ముతున్నారు.

అసలైన ఫోర్ బై ఫోర్, అంటే ఫోర్ లో గేరు ఉన్న జిమ్నీ, థార్ లాంటివి వేరే జాతి. ఫోర్ లోలో చక్రం నిదానంగా, బలంగా తిరుగుతుంది, మడ్ టైర్లు కూడా బిగిస్తే రేగడిలోనూ చాలా దూరం పోతాయి. ఎగువ అహోబిలం నుంచి పావన నరసింహస్వామి దగ్గరికి అడవిలో పోయే రాళ్లదారి లాంటి చోట్లకు అవే తగినవి, గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్‌ను అక్కడికి తీసుకుపోవద్దు. కానీ ఐదుగురితో బెంగళూరు పోవడానికి జిమ్నీలో సీట్లే నాలుగు. ఇలాంటి బండిని ఎండు తారు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలూ మామూలు వేగంలో లాగేలా పెట్టి, నడపకూడదన్నది కూడా గుర్తుంచుకోండి. మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు, మలుపు తిరిగేటప్పుడు ముందూ వెనకా పెనుగులాడి గేర్లు దెబ్బతింటాయి.

వెనక చక్రాల లాగుడునూ కొట్టిపారెయ్యొద్దు. బొలెరో లాంటి బండి నిండా బస్తాలు వేస్తే బరువు లాగే చక్రాల మీదే పడుతుంది, ఎక్కుడులో ఇంకా పడుతుంది. రోజూ సరుకు మోసేవారికి ముందు లాగుడు కంటే అదే మేలు. ఖాళీగా తడిలో మాత్రం వెనక తేలిగ్గా ఉండి జారుతుంది.

కొన్ని పనులు ఏ డ్రైవూ చెయ్యదు. బ్రేకు వేస్తే అన్ని బండ్లూ నాలుగు చక్రాలతోనే ఆగుతాయి. ఆల్ వీల్ డ్రైవ్ బరువెక్కువ కాబట్టి దానివల్ల ఆగే దూరం తగ్గేదేమీ ఉండదు. తడిరోడ్డు మీద చక్రాలు జారకుండా బయల్దేరేసరికి రోడ్డు బాగుందన్న ధీమా వస్తుంది, మలుపులోనో బ్రేకులోనో అది తప్పని తెలుస్తుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద వానలో నీళ్లు నిలిచినచోట మిమ్మల్ని కాపాడేది టైరు గాళ్ల లోతు, మీ వేగం. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల దాకా వాడొచ్చు, వానకాలానికి 3 కంటే తక్కువున్నవి నమ్మొద్దు. మన ఎండలకు రబ్బరు గాళ్లు ఉండగానే గట్టిపడిపోతుంది. టైరు చెంప మీద కోడిగుడ్డు ఆకారం గీతలో నాలుగంకెలు ఉంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైంది. ఐదారేళ్లు దాటితే గాళ్లు బాగున్నా మార్చెయ్యండి.

ఇక వంకలు, చప్టాలు. దయచేసి ఈ ముక్క ఇంట్లో బండి నడిపే ప్రతివారికీ చెప్పండి. అడుగు లోతు పారే నీళ్లు చాలు, చిన్న కారును తేల్చి పక్కకు నెడతాయి. రెండడుగుల నీళ్లు పెద్ద ఎస్‌యూవీలను కూడా తీసుకుపోతాయి. తేలిన చక్రం ముందుదైనా వెనకదైనా నేలను తాకదు, లాగుడుతో పనేమిటి? 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడిన ప్రాంతం మనది. మనవైపు వంకలు పైన ఎక్కడో పడిన వానకు ఇక్కడ మబ్బు లేకుండానే పారతాయి. చప్టా మీద నీళ్లు పారుతుంటే, అడుగు కనపడకపోతే, ఆగాల్సిందే.

రొంపిలో ఇరుక్కుంటే ఏం చెయ్యాలో చెబుతాను, ఎందుకంటే జాగ్రత్త పడినా ఒకసారైనా ఇరుక్కుంటారు. చక్రం తిరిగి బండి కదలలేదని తెలిసిన క్షణమే యాక్సిలరేటరు వదలండి. ఇంకో పది సెకన్లు తొక్కితే చక్రం గొయ్యి తవ్వుకుని బండి పొట్ట నేలకు ఆనుతుంది, అప్పుడిక ఏ ఉపాయమూ పారదు. స్టీరింగు తిన్నగా పెట్టండి, పక్కకు తిప్పిన చక్రం ముందు మట్టిని గోడలా తోస్తుంది. ట్రాక్షన్ కంట్రోలు మీట ఆపండి, కొన్ని బండ్లలో నాలుగైదు సెకన్లు నొక్కి పట్టాలి. లేకపోతే చక్రం కొంచెం తిరగగానే కంప్యూటరు ఇంజను నోరు నొక్కేస్తుంది. వెనక కూర్చున్నవాళ్లను దించండి. ముందుకు కాకుండా వచ్చిన గాడిలోనే రివర్సులో బయటికి రావడానికి చూడండి, ఆ గాడి అప్పటికే నొక్కుకుని ఉంటుంది. ముందుకే పోవాల్సొస్తే రెండో గేరులో, క్లచ్ నిదానంగా వదలాలి. ముందు టైర్ల దగ్గర మట్టి చేత్తోనైనా తీసి, కందికట్టె, పత్తికట్టె, గోనెసంచి, ఏది దొరికితే అది టైరు కిందికి దూర్చండి. టైరులో గాలి 33 పీఎస్ఐ నుంచి 20కి దించితే నేలమీద ఆనే మేర పెరుగుతుంది. ఇసుకలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది, రేగడిలో కొంతే. 20 కంటే దించొద్దు, టైరు రిమ్ము నుంచి ఊడొస్తుంది. గాలి తిరిగి నింపేదాకా 30 వేగం దాటొద్దు. సిగరెట్ లైటరు సాకెట్టుకు పెట్టుకునే చిన్న పంపు డిక్కీలో ఉంచుకోండి.

ట్రాక్టరు వస్తే తాడు కట్టేది బంపరు మూత తీసి మరబిగించే కొక్కేనికే. అది జాకీతోపాటు ఉంటుంది, కొన్ని బండ్లలో ఎడమకు తిప్పితే బిగుస్తుంది. యాక్సిల్‌కో సస్పెన్షన్ ఆర్మ్‌కో కట్టనివ్వకండి, బయటికొచ్చేది బండిలో ఒక ముక్కే అవుతుంది. గొలుసు కంటే నైలాన్ పట్టీ మేలు. ముందు తాడు బిగించి, ఆ తరవాత మెల్లగా లాగమనండి. తాడు ఎంత పొడుగో అంత దూరం లోపల మనిషి ఉండకూడదు. ఆల్ వీల్ డ్రైవ్ అయితే ఇంకొకటి: ఇసుకలో, రొంపిలో ఎడాపెడా తిప్పితే కప్లింగు వేడెక్కి మీటరు మీద హెచ్చరిక దీపం వెలుగుతుంది, బండి తనంతట తనే ముందు చక్రాలకు మారిపోతుంది. ఇంజను నడుస్తుండగానే పది పదిహేను నిమిషాలు ఆగాలి. దీపం వెలిగినా తొక్కితే ప్లేట్లు కాలుతాయి.

మీకు మిగిలే లక్షన్నరలో కొంత రస్తా మీదే పెట్టమంటాను, ఏ బండి కొన్నా ఇంతకంటే ఉపయోగం ఉండదు. 2 కిలోమీటర్ల రస్తాలో బండి ఇరుక్కునేది అంతటా కాదు, నీళ్లు నిలిచే మూడు నాలుగు పల్లాల్లో. ఒక్కో పల్లం 30 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల మందం గరుసు అంటే 18 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కు సుమారు 3 ఘనపు మీటర్లు పడుతుంది, ఆరేడు ట్రక్కులు. ముందు రెండు పక్కలా కాలువ తీయించండి. కాలువ లేకుండా పోసిన గరుసు రెండు వానలకు రేగడిలో కలిసిపోతుంది. ఎండు నేల మీదే పోయించి, నీళ్లు చల్లి, ట్రాక్టరుతోనైనా బాగా తొక్కించాలి. పక్క చేల రైతులూ అదే రస్తాలో తిరుగుతారు కాబట్టి తలా కొంత వేసుకోవచ్చు.

సెకండ్ హ్యాండులో డస్టర్ ఆల్ వీల్ డ్రైవ్‌లాంటిది చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే, ముందు నాలుగు టైర్ల పేరు, సైజు, తయారీ అంకెలు చూడండి. తలో కంపెనీవి ఉన్నాయంటే కప్లింగు ఎలా బతికిందో అనుమానమే. కిందికి వంగి వెనక డిఫరెన్షియల్ చుట్టూ నూనె చెమ్మ ఉందేమో చూడండి. 60, 80 మధ్య వెనకనుంచి సన్నని ఈల మోత వస్తే బేరింగులు పోతున్నట్టు. ఆ తరవాత గరుసు నేల మీద లాక్ మోడ్ (కప్లింగును బిగించి ఉంచే మీట) పెట్టి, స్టీరింగు పూర్తిగా తిప్పి, నడక వేగంలో ఒక చుట్టు తిరగండి. బండి కొంచెం పట్టి లాగినట్టు ఉండాలి. మామూలుగా తిరిగిపోతే వెనకకు లాగుడు అందడం లేదు.

బుకింగు డబ్బు కట్టే ముందు ఒక పని. మీ రస్తాలో ట్రాక్టరు గాడి మధ్యలో మిగిలే దిబ్బ ఎత్తు టేపుతో కొలవండి. గ్రాండ్ విటారా గ్రౌండ్ క్లియరెన్సు 210 మిల్లీమీటర్లు, రెండు రకాలకూ అంతే. ఐదుగురు ఎక్కితే మూడు నాలుగు సెంటీమీటర్లు కుంగుతుంది. దిబ్బ 15 సెంటీమీటర్ల లోపుంటే నిశ్చింతగా కొనండి. 17 దాటితే ఒక చక్రం దిబ్బ మీద, ఇంకోటి గాడి పక్కన పెట్టి నడపడం అలవాటు చేసుకోవాలి. 20 దాటిందంటే ఆల్‌గ్రిప్‌కూ పొట్ట గీసుకుంటుంది, ముందు దిబ్బ చెక్కించండి.